అధోపట్టణానికి వచ్చిన కార్డులు

నా ట్రంకుపెట్టె అడుగున ఒక కార్డుల కట్ట ఉంది. పోస్టు కార్డులు. తూకం వేస్తే పావుకేజీ కూడా రాదు. అరవై ఏండ్లుగా దాన్ని దించుకోలేక మోస్తున్నాను.

ఇది నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. నా భార్యకు సగం చెప్పినాను. మిగతా సగం ఆమె అడగలేదు, నేను చెప్పలేదు, ఆమె పోయింది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ల ముందర నేను ఎప్పుడూ సరైన మనిషినే. ఎదుటివాడి తప్పు పట్టుకోవడంలో మా వీధిలో నన్ను మించినవాడు లేడు. పెండ్లిపత్రికలో ఒక అక్షరం తప్పుపడితే తెచ్చినవాణ్ణి గడపలోనే నిలబెట్టి కడిగేస్తాను. ఎనభై దాటినా ఆ కోపం తగ్గలేదు. ఇన్నేండ్లుగా ఎవరి మీదదో కోపం ఎవరెవరి మీదనో చూపించినానేమో అని ఈ మధ్యనే అనుమానం మొదలయింది.

సరే. మొదటినుంచీ చెప్తాను.

కర్నూలు పాతబస్తీలో ఒక చిన్న ప్రెస్సు ఉండేది. యజమాని ఒక సాయిబుగారు. నేను అక్కడ కంపోజిటరును, అంటే సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలు కూర్చేవాణ్ణి. బడికి పోయింది రెండేండ్లే. చదువు నాకు ఆ అక్షరాలుండే గళ్లపెట్టె నేర్పింది. సీసంలో అక్షరం తలకిందులుగా, ఎడమది కుడిగా ఉంటుంది. అందరూ పలక మీద నేర్చుకున్న అక్షరాన్ని నేను దాని వీపు వైపు నుంచి నేర్చుకున్నాను. ఆ తర్వాత దొరికిన కాగితమల్లా చదివినాను. మందుల కరపత్రాలు, కోర్టు నోటీసులు, హరికథల పుస్తకాలు, బైబిలు, అన్నీ. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నానని లోపల గర్వం. చదువుకున్నవాళ్లు నన్ను చూసి నవ్వుతారేమోనని దాని పక్కనే భయం. ఈ రెండూ ఒకటేనని అప్పుడు తెలియదు.

కర్నూలు రాజధానిగా ఉన్న ఏండ్లవి. ఊరినిండా గుడారాలు, గుమాస్తాలు. అద్దె ఇండ్లు దొరక్క పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా వరండాల్లో మంచాలు వేసుకున్నారు. మాకు పనే పని, రోజంతా ఫారాలు, రసీదులు. తెల్లవారి ప్రెస్సుకు పోయేముందు బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినేవాళ్లం నేనూ, నా జోడీ కంపోజిటరు నాగన్నా. వేళ్లకు సిరా పోయేది కాదు. బజ్జీకి కూడా సిరా వాసనే. ఆ వాసన ఇప్పుడు యాడన్నా తగిలితే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. సుఖంగా ఉన్న రోజులవి. సుఖంగా ఉన్న రోజుల్లోనే మనిషి ఇంత పని చేయగలడని నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు ఏసురత్నం అయ్యవారు వచ్చినారు. కోయిలకుంట్ల దిక్కు ఒక పల్లెలో చర్చి బడి పంతులు ఆయన. ఆదివారం పాస్టరు రాకపోతే వాక్యం చెప్పేది కూడా ఆయనే. సన్నటి మనిషి, తెల్ల పంచె, చంకలో నాలుగు నోటుబుక్కులు. నవల రాసినానన్నారు. పేరు ‘అధోపట్టణం’.

అట్లాంటి పుస్తకం అంతకుముందు నేను చూడలేదు. పెన్న ఒడ్డున గొర్రెలు కాసే మత్తన్న అనేవాని చెల్లెలు కలరాలో చచ్చిపోతుంది. బాప్తిస్మం కాకముందే పోయింది కాబట్టి, పరలోకానికి పోయేవాళ్ల పేర్లుండే జీవగ్రంథంలో ఆ పిల్ల పేరు లేదంటారు. మత్తన్న ఊరుకోడు. గండికోట కింద లోయలో ఒక నెర్రె గుండా భూమిలోకి దిగుతాడు. ఆడ ఒక పట్నం. దీపాలు మండుతుంటాయి, వెలుగు మాత్రం రాదు. ఆడికి పోయినవాళ్లు మొదట ఆకలి మరచిపోతారు, తర్వాత తల్లిని, చివరికి సొంత పేరును. ఆ పట్నానికి ఏడు వాకిళ్లు. మత్తన్న ఏడో వాకిలి దాటి చీకట్లోకి అడుగు పెట్టడంతో మొదటి భాగం అయిపోతుంది. చెల్లెలు దొరికిందీ లేనిదీ రెండో భాగంలో.

అయ్యవారు ప్రూఫులు దిద్దడానికి శనివారాలు వచ్చేవారు. నా పక్కన స్టూలు వేసుకుని నా వేళ్లనే చూస్తూ కూర్చునేవారు. అక్షరాలు తిరగబడి ఉంటే ఎట్లా చదువుతావని అడిగినారు. పెదవులు ఎందుకు కదిలిస్తావని అడిగినారు. నేను మురిసిపోయి అన్నీ చెప్పినాను. అంతవరకూ నన్ను అట్లా అడిగినవాళ్లు లేరు.

ఇక్కడ మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. మాకు టైపు తక్కువ. ఎనిమిది పేజీలు నేను కూర్చి అచ్చుకిస్తే, ఆ అక్షరాలు మళ్లీ గళ్లలోకి వచ్చేలోపు తర్వాతి ఎనిమిది నాగన్న ఇంకో పెట్టెలోంచి కూర్చేవాడు. నోటుబుక్కు కుట్టు విప్పి కాగితాలు అట్లా పంచుకునేవాళ్లం. కాబట్టి ఏ పుస్తకమైనా నాకు తెలిసేది తునకలుగానే. నడుమ కథ నాగన్నను అడిగితే ఉపయోగం లేదు. వాడు కూర్చేవాడే గాని చదివేవాడు కాదు. వాని నోట్లో వక్కాకు, మనసులో సినిమా.

ఆరో వాకిలి నా వంతుకు వచ్చింది. ఆ వాకిట్లో ఒక లేఖరి కూర్చుని ఉంటాడు. తలకిందుల లేఖరి అని వాని పేరు. ఆ పట్నానికి వచ్చినవాళ్ల పేర్లు రాతి పలకల మీద తిరగేసి చెక్కడం వాని పని. వాని బొటనవేలు, చూపుడువేలు నల్లగా ఉంటాయి. చదివేటప్పుడు పెదవులు కదులుతాయి. దయ్యాలు వాని చుట్టూ మూగి, చదువు చదువు అని డొక్కలో పొడిచి నవ్వుతాయి. నా ఎనిమిదో పేజీ ఆఖరి వరస ఇది: ‘వానికి ప్రతి అక్షరమూ తెలుసు, ఒక్క మాటా తెలియదు.’

ఆ వరస నేనే కూర్చినాను. నా నల్ల వేళ్లతో, నా పెదవులు కదుపుకుంటూ.

ఆ పొద్దు అన్నం తినలేదు. స్టూలు వేసుకుని కూర్చుని, తియ్యగా మాట్లాడి, నన్ను దయ్యాల మధ్యలో కూర్చోబెట్టి నవ్వులపాలు చేసినాడే ఈ మనిషి! నేనేం చేసినాను ఈయనకు? వెంటనే అడిగి ఉంటే అయిపోయేది. అడగలేదు. అడగకుండా కోపాన్ని పెట్టుకుని, దానికి రోజూ ఇంత మేత వేసినాను. పుస్తకం కుట్టి కట్టలుగా వచ్చిన రోజు అయ్యవారు నాకొక ప్రతి ఇచ్చినారు, నా పేరు రాసి. తెరవలేదు. తీసుకుపోయి పెట్టెలో పడేసినాను.

అయ్యవారికి ఏ పల్లెకు ఎప్పుడు బదిలీ అవుతుందో తెలియదు. అందుకని పుస్తకం చివర, చదివినవారు తమ అభిప్రాయం ప్రెస్సు చిరునామాకు రాయవలెను అని వేయించినారు. పుస్తకాలను సైకిలు మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఒక ఉపదేశి తీసుకుపోయి అహోబిలం తిరునాళ్లలో గాజుల అంగళ్ల పక్కన కూడా అమ్మినాడు. కడప దాకా పోయినాయి.

కార్డులు రావడం మొదలయింది. టపా తీసుకునేది నేను. మొదటి వారం మూడు వచ్చినాయి. ఒకటి ఎవరో విశ్వాసి రాసింది. దయ్యాల కథలు రాసే చేతితో ప్రభురాత్రి భోజనం ఎట్లా తీసుకుంటావు అని. ఇంకొకటి కడప జిల్లా నుంచి. మీ పాతాళం గండికోట కింద ఉందని రాసినారు, మా ఇంటి ఆడవాళ్లు ఆ దిక్కు కట్టెలకు పోమంటున్నారు, దీనికి మీరు బాధ్యులు అని. మూడోది కోయిలకుంట్లలో ఒక బట్టల అంగడి ఆయనది. మీ తలకిందుల లేఖరిని తలచుకుని అంగడంతా ఒకటే నవ్వు, మా గుమాస్తాను ఇప్పుడు అదే పేరుతో పిలుస్తాండాము అని.

అంతే. మూడో కార్డుతో నా చెవులు మూసుకుపోయినాయి. తర్వాత వచ్చిన ప్రతి కార్డులోనూ కన్ను పడగానే ‘లేఖరి’ అనే మాట కనిపించేది. ఇంక చదవడమెందుకు? జిల్లాలు జిల్లాలే నన్ను చూసి నవ్వుతున్నాయనుకున్నాను. ఒక్కొక్కటే తెచ్చి, వాడని టైపు పెట్టే సొరుగులో వెనక్కి నెట్టేవాణ్ణి. ముప్పైరెండు పోగయినాయి. నన్ను తిట్టని, లేఖరి ఊసులేని రెండు మాత్రం, అంటే అయ్యవారిని తిట్టిన ఆ రెండు, బల్ల మీద పైకి కనిపించేటట్టు పెట్టినాను.

అది కోపంలో చేసిన పనా? కాదు. కోపంలో చేసినవాడు చింపేస్తాడు. నేను భద్రంగా దాచినాను.

నాలుగు నెలలకు అయ్యవారు వచ్చినారు. వాళ్ల ఊరి సంఘపెద్దలు ఆయన్ను పిలిపించినారని నాకు అప్పటికే తెలుసు. పుస్తకాలమ్మే ఉపదేశి చెప్పినాడు. దయ్యాల కథలు రాసే పంతులు పిల్లలకు చదువు చెప్పొచ్చునా అని వాళ్ల మాట. పుస్తకం వల్ల ఎవరికన్నా విశ్వాసం పెరిగిందని చూపించు, లేకుంటే ఇంతటితో ఆపు అన్నారట. కార్డులు తెచ్చి చూపిస్తానని అయ్యవారు మాటిచ్చినారు. వచ్చే ఆదివారం కోత పండుగ ఆరాధన అయినాక పెద్దలు కూర్చుంటారు. ఇదంతా తెలిసే నేను ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర ఉన్నాను.

“ఏమప్పా, బాగుండావా? కార్డులేమన్నా వచ్చినాయా?”

“వచ్చినాయి అయ్యవారూ. రెండు.”

“రెండేనా?”

“రెండే.”

నిలబడే చదువుకున్నారు. రెండోది చదివి నవ్వినారు కూడా. “పాపం, ఆ ఇంట్లో కట్టెలకు ఈయప్పే పోవాల్సొచ్చినట్టుండాది. అందుకే ఇంత కోపం.”

నేను నవ్వలేదు.

“బాగుందని ఒక్కరన్నా రాయలేదా?”

“జనం యాడ రాస్తారు అయ్యవారూ? బాగుంటే చదివి పక్కన పెడతారు. బాగలేకుంటేనే కార్డు కొనేది.”

“అదీ నిజమే.” కార్డులు జేబులో పెట్టుకున్నారు. పోలేదు. నా గళ్లపెట్టె మీద చెయ్యి పెట్టి నిలబడినారు. “పోనీ, నీకెట్లుండాదప్పా? అందరికంటే ముందు చదివినోడివి నువ్వే గదా. ఆ లేఖరి దగ్గరికొచ్చేసరికి నీకేమనిపించింది? అడగాలని శానా దినాలనుంచి అనుకుంటాండా.”

ఆ ముఖం ఇప్పటికీ నా కండ్ల ముందర ఉంది. భయపడుతున్న ముఖం. పరీక్ష రాసిన పిల్లవాని ముఖం. నాకు మాత్రం ఎగతాళిగా కనిపించింది.

“నేను కంపోజు చేసినాను అయ్యవారూ. చదవలేదు.”

“ఓ,” అన్నారు. గళ్లపెట్టె మీంచి చెయ్యి తీసి, “సరేప్పా, పనిచేసుకో. ఇంకేమన్నా వస్తే ఆదివారం లోపల పంపియ్యి,” అని మెట్లు దిగినారు.

సొరుగు ఆయన మోకాలికి జానెడు దూరంలో ఉంది.

ఆదివారం పెద్దలు కూర్చున్నారు. అయ్యవారి దగ్గర రెండు కార్డులే, ఆ రెండూ తిట్లే. దాచకుండా చదివి వినిపించినారట ఆయన. ఇంక రాయనని అందరి ముందర ప్రార్థన చేయించి మాట తీసుకున్నారు. ఆయన్ను జమ్మలమడుగు దిక్కు ఒక పల్లె బడికి మార్చినారు. రెండో భాగం అప్పటికే రాసిపెట్టిన నోటుబుక్కులు ఆయన దగ్గర ఉండె, కాగితం కరువు కాలం, వాటి కుట్టు విప్పి వెనక పక్క ఖాళీల్లో బడిపిల్లల చేత గుణింతాలు, ఎక్కాలు రాయించినారని ఉపదేశే చెప్పినాడు. చెప్పి, అయ్యవారు మంచి పొదుపరి అన్నాడు. ఆ మాట విన్నాను. అయినా సొరుగు తీయలేదు. అప్పుడైనా తీసి ఉండొచ్చు. వారం, నెల, ఏడాది. ప్రతి రోజూ నా చేతిలో ఉన్న రోజే.

రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు ఎత్తేసినారు. పని తగ్గింది. నాకు పెండ్లయింది. నా భార్యకు అక్షరాలు రావు. పాడైన ప్రూఫు కాగితాలతో నేనే నేర్పినాను. ఆ సాయంత్రాలు నా బతుకులో మంచి భాగం. పొయ్యి ముందర కూర్చుని, జొన్నరొట్టె తడుతూ, గోడకు అంటించిన ప్రూఫు మీది మాటలు కూడబలుక్కునేది. నేను తప్పు పడితే పిండి చెయ్యి నా చెంపకు పూసేది.

ఒక ఆదివారం పెట్టె సర్దుతూ ఆమె ఆ పుస్తకం బయటికి తీసింది. దీని మీద నీ పేరుందే అని మురిసి, చదవడం మొదలుపెట్టింది. వద్దనడానికి నా దగ్గర చెప్పుకోదగిన కారణం లేదు. రోజుకు మూడు నాలుగు పేజీలు, పైకే చదివేది. అట్లా నాగన్న పేజీలు నేను మొదటిసారి విన్నాను. వారాలు పట్టింది. ఆరో వాకిలి వచ్చింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆమె నా ఆఖరి వరస చదివింది. వానికి ప్రతి అక్షరమూ తెలుసు, ఒక్క మాటా తెలియదు. పేజీ తిప్పింది. ‘అని పట్టణమంతా నవ్వుకొనేది. వాడు నవ్వనిచ్చినాడు.’

లేచి కూర్చున్నాను. మళ్లీ చదవమన్నాను.

ఆ రాతి పలకలన్నీ అధోపట్టణానికి కప్పు. కింద నిలబడి తిరగేసి చెక్కిన పేరు, రాయి గుండా పైకి తేలి, పైనున్నవాళ్లకు సరిగ్గా కనిపిస్తుంది. సీసంలో తిరగబడిన అక్షరం కాగితం మీద సరిగ్గా పడినట్టు. పేర్లన్నీ పాడవుతున్నాయని చీకటి రాజు సంతోషిస్తుంటాడు. లేఖరి తన్నులు తింటూ, ఎగతాళి పడుతూ, ఒక్క పేరు కూడా పోనీయకుండా పైకి పంపుతుంటాడు. మత్తన్న చెల్లెలి పేరు కూడా పంపినాడు. ఆరో వాకిలి తలుపు తీసేది వాడే. ఆ పుస్తకమంతటిలో దేవుడు నమ్మిన మనిషి వాడొక్కడే.

“ఎంత మర్యాద చేసినాడయ్యా నీకు,” అనింది నా భార్య.

ఆ పొద్దే ప్రెస్సుకు పోయి సొరుగులోని కట్ట తెచ్చినాను. ముప్పైరెండూ చదివినాను. అహోబిలం దిక్కు రైతు ఒకాయన రాసినాడు: మా స్వామి ఇంట్లోనూ కాకుండా బయటా కాకుండా గడప మీద కూర్చున్నాడు, మీ లేఖరీ గడప మీదనే కూర్చున్నాడు, మా అవ్వ మీ లేఖరికి దండం పెట్టింది, తప్పయితే మన్నించండి. కడపలో ఒక టైలరు, తనకు తెలుగు చదవడం రాదనీ, కూతురు చదువుతుంటే కుట్టుమిషను తొక్కడం మానేసి విన్నాననీ ఉర్దూలో రాసి, కింద కూతురి చేత తెలుగు చేయించినాడు. నేను నవ్వులనుకున్న బట్టల అంగడి ఆయన రెండో కార్డు కూడా ఉంది అందులో: మా గుమాస్తాకు ఆ పేరు పెట్టినందుకు వాడు బాధపడలేదు, పుస్తకం చివరిదాకా చదివినాక గర్వంగా తిరుగుతాండాడు అని. ఆ గుమాస్తా కథను పూర్తిగా చదివినాడు. తేడా అంతే.

అయ్యవారిని వెతుక్కుంటూ జమ్మలమడుగు దిక్కు పోయినాను. కట్ట సంచిలో ఉంది. బడి గోడ పక్కన నిలబడితే లోపల ఆయన గొంతు వినిపించింది, ఎక్కాలు చెప్పిస్తున్నారు. తల నెరిసింది. నడుము వంగింది. గోడ ఎత్తు నా నడుము దాకే. దాటలేకపోయినాను. ఏమని ఇవ్వాలి? మీరు నాకు గుడి కట్టినారు, నేను మీ చెయ్యి విరగ్గొట్టినాను అనా? ఇంకోసారి వద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే, వెనక్కి తిరిగినప్పుడే రానని తెలుసు. మూడేండ్లకు ఆయన పోయినారని విన్నాను.

ఇది చదివి ఎవరన్నా, పోనీలే పెద్దాయనా, వయసులో తెలియక చేసినావు అంటే నాకు మండుతుంది. తెలిసే చేసినాను. చదవకుండా కోప్పడింది తెలియక. ఆదివారం సంగతి తెలిసి రెండే అన్నది తెలిసి. రెండింటినీ ఒకటి చేయకండి. ఆ పెద్దలను తిట్టుకుని కొన్నేండ్లు గడిపినాను, నాగన్నను తిట్టుకుని కొన్ని. వాళ్లు వాళ్ల ముందరికి వచ్చింది చూసినారు. ముందరికి రానీయనివాణ్ణి నేను.

ఒక్క కార్డు గురించి ఇంకా చెప్పలేదు. దాన్ని దాటిపోదామనుకున్నాను, చెయ్యి పోనీయలేదు. నంద్యాల పక్క ఒక పల్లె నుంచి, కూలికి పోయే ఒకామె ఎవరి చేతనో రాయించింది. అయ్యవారు ప్రెస్సుకు వచ్చిన దినానికి ఎనిమిది రోజుల ముందుది. ‘నా బిడ్డ నీళ్లు పొయ్యకముందే, బాప్తిస్మం కాకముందే పోయినాది. అప్పటినుంచి ఏసు గుడికి పోవడం మానుకున్నాను. మీ పుస్తకం విన్నాక మళ్లా పోతాండాను. మత్తన్నకు చెల్లెలు దొరుకుతాదా? దొరకదంటే రెండోది అచ్చు వేయొద్దని అయ్యవారికి చెప్పండి. దొరుకుతాదంటే బిరీన వేయమనండి.’

పెద్దలు అడిగింది ఈ కార్డునే. వాళ్లకు ఇదొక్కటి చాలు.

ఆమె ఇప్పుడు ఉండదు. ఉన్నా చదవలేదు. అయినా జవాబు రాయాల్సింది ఆ చిరునామా చూసిన నేనే, ఇంతకాలం రాయలేదు. అమ్మా, చెల్లెలు దొరికిందో లేదో నాకు తెలియదు. రాసినాయన రాసినాడు. ఆ కాగితాలు నిలబడలేదు. నీ కార్డు ఆయనకు అందలేదు. అందకుండా చేసింది నేను. అడిగినప్పుడు రెండే అన్నాను.